పై అర్రకు రెండు గొంగళ్లు

జడ్చర్ల,
ఆదివారం పొద్దున

చిన్నబిడ్డా,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల నుంచి ఇంటికాడనే ఉండి పని చేస్తనని, పై అర్ర తయారు చేసి పెట్టమని రాసినవు. సంబురమైంది. కానీ మొన్న అమ్మ చెప్పిన మాట మనసుల ముల్లు లెక్క గుచ్చుకున్నది. దసరాకు వచ్చినప్పుడు ఆ అర్రల కూసొని మాట్లాడిన మీటింగుల అవతలోళ్లు మళ్ల మళ్ల "ఏమన్నవు, ఏమన్నవు" అని అడిగిండ్రట. నా ఇంగ్లీషు బాగలేదు, నా మాటే పల్లెటూరి మాట అని నువ్వు ఏడ్చినవట. ఆ రాత్రి అన్నం గూడ తినలేదట.

బిడ్డా, నీ మాటకు ఏ లోపం లేదు. లోపం అర్రకు ఉన్నది. జిల్లా పరిషత్ బడిల నువ్వు మైకు లేకుండ ప్రతిజ్ఞ చెప్పిస్తే గేటు దాక ఒక్కొక్క అక్షరం వినబడేది, నా చెవులతోని విన్న.

అమ్మ చెప్పినంక నేను పైకి పోయి అర్ర నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టిన. టప్పుమని తెగిపోవాల్సిన చప్పుడు సన్నగ గింగురుమనుకుంట గోడల నడుమ తిరిగింది. పైన స్లాబు, కింద తాండూరు బండలు, చుట్టూ నున్నటి ప్లాస్టరు, ఒక దిక్కు అద్దాల కిటికీ. మంచం తప్ప ఇంకొకటి లేదు. నువ్వన్న మాట వాటికి తగిలి తిరిగొచ్చి నీ తర్వాతి మాట మీద పడుతది. ఎదురుంగ కూసున్న మనిషికైతే రెండు చెవులుంటయి, ఎట్లనో సర్దుకుంటడు. మైకుకు ఉన్నది ఒక్క చెవి.

మంచి కెమెరా, రింగ్ లైటు కొంటనని లెక్క రాసినవు. ఇప్పుడే కొనకు. బొమ్మ కొంచెం మసకగ ఉన్నా మీటింగు నడుస్తది. మాట కలగాపులగమైతే వినేటోనికి తలనొప్పి లేస్తది, తప్పు నీ మీద పడుతది.

నేను పడుచుతనంల బాదేపల్లిల మైకుసెట్టు దుకాణంల పని చేసిన సంగతి నీకు తెలిసిందే. కురుమూర్తి జాతరకు హారన్లు మోసుకొని పోతుంటిమి. ఉద్దాల ఊరేగింపు నాడు అంత జనంల గూడ, తప్పిపోయిన పిల్లగాని పేరు చెప్తే గుట్ట కింద ఖాళీ జాగంత స్పష్టంగ వినబడేది. అదే సెట్టు, అదే హారను రేకుల షెడ్డుల పెండ్లికి పెడితే అయ్యగారి మంత్రం ఒక్క ముక్క తెలిసేది కాదు. సౌండు పెంచుమని పెండ్లోళ్లు లొల్లి పెడుతుండిరి. మా ఉస్తాదు పెంచెటోడు కాదు, ఇంట్ల జంపఖానాలన్ని తెప్పించి గోడలకు కట్టించెటోడు.

దేశం గాని దేశంల గూడ ఇదే మందు దొరికింది. 1895ల అమెరికాల, హార్వర్డు యూనివర్సిటీ కొత్తగ కట్టుకున్న ఫాగ్ మ్యూజియం హాలుల, ఒక మాట అంటే ఐదు సెకన్లకు పైగ మోగేది. పాఠం ఎవ్వరికీ అర్థమయ్యేది కాదు. బాగు చెయ్యమని వాలెస్ సబైన్ అనే పడుచు సారుకు అప్పజెప్పిండ్రు. ఆయన దగ్గరున్న థియేటరు నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి పరిచి, ఆర్గాన్ పైపు మోగించి, గడియారం పట్టుకొని లెక్క తీసిండు. మెత్తలు పెరిగినకొద్దీ మోత తగ్గింది. ఆ లెక్క పట్టుకొనే బోస్టన్ల సింఫనీ హాలు కట్టిండ్రు, 1900ల తెరిచిండ్రు. దీనికి ఉల్టా, మన గోల్కొండల ఫతే దర్వాజ కాడ చప్పట కొడితే కిలోమీటరు దూరంల బాలాహిస్సారు మీద వినవస్తది. అక్కడ చప్పుడు దూరం పోవాలె. నీ అర్రల అది పుట్టిన కాడనే చావాలె.

మనకు మెత్తలు లేకుంటేమాయె, తాత కప్పుకున్న నల్ల గొంగళ్లు పెట్టెల ఉన్నయి. కురుమోళ్లు నేసినయి, మన గొర్రెల ఉన్ని, దళసరి. ఆ పోగుల సందులల్ల చప్పుడు దూరి అక్కడనే అరిగిపోతది. ఒకటి నీ మొకానికి ఎదురుంగ ఉన్న గోడకు కడుత, నీ మాట మొదట తాకేది దానికే. ఇంకొకటి కుడిపక్క గోడకు. గోడకు ఆనించకుండ కట్టెలు కొట్టి రెండు మూడు అంగుళాలు ఎడంగ వేలాడదీస్త, అప్పుడు గొంతుల బరువు మోతను గూడ పట్టుకుంటది. కింద బొంత పరువు. బట్టల బీరువ గూడ పైకే ఎక్కిస్త, మీటింగప్పుడు తలుపులు తెరిచి పెట్టుకో.

హైవే మీది లారీలు, రైలు కూత మాత్రం గొంగడికి ఆగవు. అవి తలుపు కింది సందులకెళ్లి, కిటికీ రెక్కల సందులకెళ్లి వస్తయి. వడ్లాయనను పిలిచి రబ్బరు పట్టీలు కొట్టిస్తున్న.

కాలరుకు పెట్టుకునే వైరు మైకు ఒకటి కొనుక్కో, గదుమకు జానెడు కింద పెట్టు. దూరం సగమైతే నీ గొంతు ఆరు డెసిబెల్లు పెరుగుతది, అర్ర మోత పెరగదు. చెవులకు ఇయర్‌ఫోన్లు తప్పకుండ పెట్టుకో, లేకుంటే వాళ్ల మాట వాళ్లకే తిరిగిపోతది. ఫ్యాను గాలి మైకు మీద పడకుండ కొంచెం ఎడంగ కూసో. అట్లని ఎండాకాలం ఫ్యాను బంద్ పెట్టి ఉక్కల కూసునేవు, నీకు అసలే తల తిరుగుతది.

వెలుతురుకు పెద్ద పని లేదు. కిటికీకి వీపు పెడితే మొకం నల్లగ పడుతది గనుక, కిటికీ ఎడమకు ఓరగ వచ్చేటట్టు బల్ల వేసిన. పడమటి ఎండకు తెల్ల పరద కడుత. లాప్‌టాప్ కింద పీట పెట్టి కెమెరాను కండ్ల ఎత్తుకు తెచ్చుకో. వెనక దండెం తీసేస్తున్న, తాత ఫోటో ఉండనియ్యి.

గొంగళ్లు ఎండకు వేసిన. వానొస్తే కొంచెం గొర్రె వాసన వస్తది, అమ్మ గులిగితే నేను చెప్పుకుంట. దసరా నాటి మీటింగుల ఉన్న కంపెనీవాళ్లను ఇంకొకసారి మాట్లాడే అవకాశం ఇయ్యమని అడుగు బిడ్డా, అడిగేటందుకు సిగ్గుపడకు. వేళకు తిను.

నీ
పెద్దనాయన