ఏ ఫైల్ ఏ ఘడియది?

బోరంచ

బిడ్డా,

రాత్రి నీతో మాట్లాడాక నిద్ర పట్టలేదు. స్టాండ్‌బై డేటాబేస్ తెరుచుకోవట్లేదు, ఓరా-10458, దాని కిందే ఓరా-01194 వస్తున్నాయన్నావు. కొన్ని ఫైళ్లు ఆదివారం కాపీవి, కొన్ని మంగళవారంవి అని ఫోన్ పెట్టేసే ముందు చెప్పావు. నేను ముందే అడగాల్సిన మాట అది.

తాత సందూకలో 1954-55 ఖాస్రా పహాణీ నకలు చూశావు కదా. ఆ ఒక్క కాగితంతో ఇవాళ చెలక ఎవరిదో తేలదు. ఆ తర్వాత ఏ ఏడు ఎవరి పేరు మారిందో ఫైసల్ పట్టీలు వరుసగా చూసుకుంటూ రావాలి. నడుమ ఒక్క ఏటి పట్టీ దొరకకపోతే అక్కడే ఆగిపోతాం. నీ డేటాఫైల్ పహాణీ అయితే ఆర్కైవ్ లాగ్ ఫైసల్ పట్టీ. నీ దగ్గర పహాణీ పేజీలన్నీ ఉన్నాయి కానీ ఒక్కోటి ఒక్కో ఏటివి.

అందుకని ఏదీ చెరపకు. డేటాబేస్‌ని మౌంట్‌లోనే ఉంచి వీ-డాలర్-డేటాఫైల్-హెడర్ చూడు. ఒక్కో ఫైల్‌కి చెక్‌పాయింట్ ఎస్‌సీఎన్ ఎంత, ఫజ్జీ కాలమ్‌లో యెస్ ఉందా నో ఉందా, కాగితం మీద రాసుకో. అన్నిట్లో చిన్న ఎస్‌సీఎన్ దగ్గర మొదలుపెట్టి, చివరి ఫైల్ కాపీ ముగిసిన ఘడియ దాటేదాకా లాగ్‌లు ఎక్కించాలి. అన్నీ దొరికితే పని అయిపోయినట్టే.

నడుమ ఒక లాగ్ లేకపోతే భయపడకు. ఆ చిన్న ఎస్‌సీఎన్ నుంచి ప్రైమరీ మీద ఆర్‌మ్యాన్‌తో ఇంక్రిమెంటల్ తీసుకో. స్టాండ్‌బై కంట్రోల్‌ఫైల్ కొత్తది తెచ్చి, నోరీడోతో రికవర్ చెయ్యి. ఆ ఎస్‌సీఎన్ తర్వాత ప్రైమరీలో కొత్త డేటాఫైల్ చేరిందేమో చూడు, దాన్ని విడిగా తేవాలి. మీది 18సీ లేదా ఆపైది అయితే రికవర్ స్టాండ్‌బై డేటాబేస్ ఫ్రమ్ సర్వీస్ అన్న ఒక్క కమాండే ఈ పనంతా చేస్తుంది.

ఒకటి మాత్రం మీవాళ్లను గట్టిగా అడుగు. ఆ కాపీ ఆర్‌మ్యాన్‌తో తీశారా, బిగిన్ బ్యాకప్ పెట్టి తీశారా, లేక నడుస్తున్న డేటాబేస్ మీద ఉత్త సీపీ కొట్టారా? ఉత్త సీపీ అయితే ఒకే బ్లాకులో సగం పాతది, సగం కొత్తది పడి ఉండొచ్చు. దాన్ని ఏ లాగూ నమ్మకంగా బాగు చేయదు. ఆ ఫైళ్లు ప్రైమరీ నుంచి మళ్లీ తెచ్చుకోవాల్సిందే.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు డిస్క్ నిండిందని నేను పాత ఆర్కైవ్ లాగ్‌లు తీసేశాను. స్టాండ్‌బై వాటిని ఇంకా ఎక్కించుకోలేదు. తెల్లారేదాకా చేతులు వణికాయి. అందుకే చెప్తున్నా, అలసిపోయి ఉన్నప్పుడు ఆర్ఎం కమాండ్ జోలికి పోకు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగింది కూడా ఇలాంటిదే. వెనకబడ్డ రెప్లికాను బాగుచేయబోయిన ఇంజనీరు ప్రైమరీలోనే డైరెక్టరీ తుడిచేశాడు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. వెర్షన్ కుదరక వాళ్ల రోజువారీ డంప్‌లు అప్పటికే ఆగిపోయాయి, ఎవరికీ తెలియలేదు. వేరే అవసరానికి ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ వాళ్లను కాపాడింది.

జర ఇంత తిని కూర్చో. కమాండ్ కొట్టే ముందు హోస్ట్‌నేమ్ పైకి చదువు. ఫజ్జీ కాలమ్‌లో ఏమొచ్చిందో, ఎంత రాత్రైనా సరే, ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటా.

మీ మామ