ఇంటిపనియు – ఇంటిచదువును

బిడ్డకు మొదటి బడి ఇల్లే. మొదటి గురువు తల్లియే. ఈ మాటను అందరును ఒప్పుకొందురు. కాని ఆ గురువునకు వంట, నీళ్లు, బట్టలు, పెద్దల సేవ, వీటికి తోడు కూలిపని కూడ ఉన్నప్పుడు పాఠము చెప్పుటకు వేళ ఎక్కడిది? ఈ ప్రశ్నను దగ్గరనుండి చూడదలచినవారికి షోలాపూరులోని విడీ ఘర్కుల్ మంచి ఉదాహరణము.

మరాఠీలో విడీ అనగా బీడీ. ఘర్కుల్ అనగా చిన్న ఇల్లు. హైదరాబాదు రోడ్డు వైపుననున్న ఈ పేటలో తెలుగు మాట ప్రతి ముంగిటను వినబడును. మగ్గమును నమ్ముకొని తెలంగాణా జిల్లాలనుండి తరతరాల క్రిందట వచ్చిన పద్మశాలీల సంతతివారు షోలాపూరున అధికము. పురుషులు మరమగ్గములమీదను, స్త్రీలు బీడీలమీదను సంసారము నడుపుట ఇచ్చట స్థిరపడిన పద్ధతి. నగరమునకు చేరువనున్న కుంభారివద్ద గోదూతాయి పరుళేకర్ పేరిట ఏర్పడిన స్త్రీ బీడీకార్మికుల సహకార సంఘము 10,000 ఇండ్లు కట్టించినది. 2006లో అవి కార్మికుల చేతికి వచ్చినవి. సొంత ఇల్లు దొరికినది. కాని ఆ ఇల్లే వంటశాల, ఆ ఇల్లే పనిశాల, పసివాడు ఆడుకొను చోటును అదే.

పని తీరు ఇట్లుండును. కార్ఖానానుండి ఆకు తెచ్చి, తడిపి, రేకు అచ్చు ఆనించి కత్తెరతో కత్తిరింతురు. చేటను ఒడిలో పెట్టుకొని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారము కట్టుదురు. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలు వేయి. కూలి వేయికి లెక్కగాని గంటకు కాదు. ఒక తల్లి వేయి బీడీలకు 10 గంటలు కూర్చున్నదనుకొందము. అప్పుడు బిడ్డతో గడపిన అరగంటకు 50 బీడీలు, అనగా 2 కట్టలు తగ్గును. ఆమెకు చదువు విలువ తెలియక కాదు. ఆ 2 కట్టలు ఎక్కడ పూడ్చుకొనవలెనన్నదే ఆమె చిక్కు.

ఈ చిక్కునుండి బయటపడుటకు సులభముగా తోచు దారి ఒకటి కలదు. బిడ్డను చేట ప్రక్కన కూర్చుండబెట్టి, “ఈ కట్టలు లెక్కపెట్టు, ఆ దారము అందించు” అనుట. పనియు సాగును, లెక్కలును వచ్చునని తల్లికి అనిపించును. కాని ఇది తప్పుదారి. తంబాకు ధూళి పసిబిడ్డ ఊపిరికి హాని. అంతకన్న పెద్ద హాని మరియొకటి. నేడు దారమందించిన చేయి రేపు ఆకు కత్తిరించును, ఎల్లుండి చుట్టను మొదలిడును; చదువు కట్టతోపాటు 25 దగ్గరనే ఆగిపోవును. బీడీ తయారీని 1986 నాటి బాలకార్మిక చట్టమే బాలలకు నిషేధించిన పనులలో చేర్చినది. కావున ఇంటిచదువునకు మొదటి నియమము ఇది: పాఠము చేటకు దూరముగా జరుగవలెను.

మరి వేళ సంగతి ఏమి? నాలుగైదేండ్ల బిడ్డ ఎట్లును అరగంట కదలక కూర్చుండడు. అతనికి కావలసినది పదేసి నిమిషములు, రోజుకు మూడుసార్లు. తల్లి జొన్నరొట్టెలు చేయునప్పుడు బిడ్డ వాటిని లెక్కించి, ఇంటిలో ఎవరికెన్ని అని పంచి చెప్పవచ్చును. బట్టలు మడతపెట్టునప్పుడు రంగులు, పెద్దచిన్నలు తెలియును. రాత్రి దీపమార్పుటకు ముందు ఒక కథ. ఇందులో ఒక్క కట్టయు తగ్గదు.

పలక, చింతగింజలు, సుద్దముక్క ఉన్న చాలును. తారాబాయి మోడక్ గారు గిజుభాయి బధేకా గారితో భావనగరమున పనిచేసి, 1945లో ఆనాటి ఠాణా జిల్లాలోని బోర్డీలో గ్రామ బాలశిక్షణ ఆరంభించిరి. అనూతాయి వాఘ్ గారు వారికి తోడైరి. ఖరీదైన సామగ్రికి బదులు గింజలు, ఆకులు, గవ్వలు వాడిరి. బిడ్డలు బడికి రాకున్న బడినే వారి ముంగిటికి తీసికొనిపోయిరి.

భాషవిషయమున భయపడనక్కరలేదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ; బిడ్డ రెంటిని నేర్చును. కథ తెలుగులో చెప్పి, దుకాణపు బోర్డు మరాఠీలో చదివించవచ్చును. చిన్న తరగతులలో ఇంటిభాషలో బోధన మేలని 2020 జాతీయ విద్యావిధానమును చెప్పినది.

అయినను ఈ భారమంతయు తల్లిపైననే వేయరాదు. 2020లో మహమ్మారివలన బడులు మూతబడినప్పుడు షోలాపూరులోని నీలంనగరున ఒక చక్కని పని జరిగినది. అదియు మగ్గపు కార్మికుల పేటయే. ఫోనులు లేని పిల్లలకొరకు ఆశా మరాఠీ విద్యాలయపు ఉపాధ్యాయులు ఇండ్ల గోడలమీద అక్షరములు, లెక్కలు, పాఠములు వ్రాయించిరి. గోడ ఒకరిది, పాఠము అందరిది. విడీ ఘర్కుల్ వంటి చోట నలుగురు తల్లులు కలిసి వంతు వేసికొన్నచో, ఒక్కొక్కరు నాలుగురోజులకు ఒకసారి కూర్చుండిన చాలును. అవ్వ కథ చెప్పవచ్చును. మగ్గము దిగి వచ్చిన తండ్రి పలక పట్టవచ్చును. ఆరేండ్లు నిండిన బిడ్డను బడికి పంపవలసినదే. 6 నుండి 14 ఏండ్లవరకు చదువు హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. ఇంటిపాఠము బడికి మారు కాదు, బడికి మెట్టు.

వర్తకుల ఇండ్లలో చేట లేదు, కార్ఖానా లెక్క లేదు. కాని ముందు దుకాణము, వెనుక ఇల్లు ఉన్నచోట గృహిణి పని తెల్లవారినది మొదలు ఎడతెగక సాగును. బీడీ చుట్టు తల్లి అరగంటకు 2 కట్టల వెలయైనను కనబడును. మన ఇండ్లలో ప్రతి కాసుకు పద్దు ఉన్నది, గృహిణి వేళకు మాత్రము పద్దు లేదు. అందుచేతనే “ఇంటనే ఉన్నది గదా, పిల్లలకు ఆమెయే చెప్పును” అని తేలికగా అందురు.

ఆదినాథుడు బ్రాహ్మికి లిపిని, సుందరికి అంకెలను స్వయముగా నేర్పెనని జైన పురాణములు చెప్పును. రాజ్యభారము మోయు తండ్రికి కూతుళ్లకు పాఠము చెప్పు తీరిక దొరకినది. దుకాణము కట్టివేసిన పిదప గృహస్థునకు పావుగంట దొరకదా? ఆ పావుగంట అతడు పలక పట్టినచో బిడ్డకు చదువు, ఇల్లాలికి విశ్రాంతి, రెండును ఒకేసారి సమకూరును.