వెచ్చని సముద్రంలోనూ ఒళ్లు కప్పుకోవాలి

ప్రశ్న: జనవరిలో మేం దంపతులం అండమాన్ వెళ్తున్నాం. హేవ్‌లాక్‌లో మొదటిసారి స్కూబా డైవింగ్ చేయాలని ఉంది. అక్కడ నీరు గోరువెచ్చగా ఉంటుందట కదా, టీషర్టు, షార్ట్స్‌తో దిగితే చాలదా? వెట్‌సూట్ తప్పనిసరా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వెట్‌సూట్ వేసుకునే దిగండి. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్‌గా పిలుస్తున్న ఆ దీవి చుట్టూ నీరు ఏడాది పొడవునా ఇంచుమించు 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. దిగిన కాసేపు హాయిగానే అనిపిస్తుంది. కానీ మన ఒంటి వేడి 37 డిగ్రీలు. గాలి కంటే నీరు ఆ వేడిని 20 రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది. 28 డిగ్రీల ఎండపూట చెమట పట్టే మనిషికే 28 డిగ్రీల నీళ్లలో ముప్పావుగంట గడిచేసరికి వణుకు పుట్టవచ్చు. చలి వేస్తే గాలి ఎక్కువ పీలుస్తాం, సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది, చేపల మీద ఉండాల్సిన ధ్యాస పైకి ఎప్పుడు వెళ్తామా అన్న దాని మీదికి పోతుంది.

వెట్‌సూట్‌ను నియోప్రీన్ అనే నురగ రబ్బరుతో చేస్తారు. అందులో చిక్కుకుని ఉన్న సన్నని గాలి బుడగలే వేడిని ఆపుతాయి. లోపలికి చేరిన నీరే వెచ్చబడి మనల్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపలికి ఎంత తక్కువ నీరు చేరితే అంత వెచ్చగా ఉంటుంది. అందుకే సూట్ ఒంటికి పట్టినట్టు ఉండాలి.

మీలా మొదటిసారి దిగేవారిని 12 మీటర్ల కంటే లోతుకు తీసుకెళ్లరు. అరగంటో, కాస్త ఎక్కువో లోపల ఉంటారు. అంతమాత్రానికి 3 మిల్లీమీటర్ల సూట్ చాలు. మోకాళ్ల పైకి ఆగిపోయే షార్టీ ఇస్తే, ఫుల్‌సూట్ ఉందేమో అడగండి. చలి కోసమే కాదు, కొత్తవాళ్లు ఇసుకలో మోకాళ్ల మీద నిలబడి సాధన చేస్తారు కాబట్టి. జెల్లీఫిష్ తాకినా, ఫైర్ కోరల్‌కు పిక్క రాసుకున్నా చర్మం భగ్గున మండుతుంది.

ప్రశ్న: నాకు స్విమ్‌సూట్ వేసుకోవడం ఇష్టం లేదు. ఆ ఒక్క కారణంతో డైవింగ్ మానుకోవాలా? మంగళసూత్రం సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మానుకోకండి. పొడుగు చేతుల రాష్ గార్డ్, చీలమండల దాకా వచ్చే స్విమ్మింగ్ లెగ్గింగ్స్ వేసుకుని, వాటి మీద వెట్‌సూట్ తొడుక్కోండి. మెడ నుంచి కాళ్ల దాకా కప్పి ఉంటుంది. గదిలోనే లోపలి బట్టలు వేసుకుని వెళ్తే అక్కడ మార్చుకునే ఇబ్బందీ ఉండదు. బట్ట నైలాన్, లైక్రా కలిసినదై ఉండాలి. కాటన్ మాత్రం వద్దు. నీరు పీల్చి బరువెక్కుతుంది, సూట్ కింద ముడతలు పడి ఒరుసుకుంటుంది, పడవ ఎక్కాక గాలికి ఒళ్లంతా చల్లబరుస్తుంది. చున్నీ అసలే వద్దు, గొట్టాలకు చుట్టుకుంటుంది.

పొడవాటి గొలుసు జిప్పులో పడొచ్చు. ఆ పూటకు సూత్రాలను పసుపుతాడుకు గుచ్చి, పొట్టిగా కట్టుకుని సూట్ లోపల దాచుకోవచ్చు. ఉంగరాలు తీసేయండి, చల్లబడిన వేళ్ల నుంచి జారిపోతాయి. జడ బిగించి అల్లుకోండి. మాస్క్ అంచు కింద నాలుగు వెంట్రుకలు ఇరుక్కున్నా నీరు కారుతుంది.

ప్రశ్న: అద్దె సూట్ వేసుకోవాలంటే మనసొప్పడం లేదు. సొంతంగా కొనుక్కోమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఏడాదికి ఒకటి రెండు డైవ్‌లకైతే కొనకండి. రాష్ గార్డ్, మీ ముఖానికి అమరే మాస్క్ కొనుక్కోండి చాలు. సూట్‌ను మందునీళ్లతో, ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరేస్తున్నారా అని డైవ్ సెంటర్లో అడగండి. అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

సైజు చూసుకోవడంలోనే జాగ్రత్త కావాలి. పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి కాలు దూర్చితే సూట్ సులువుగా జారుతుంది. గోళ్లతో లాగకండి, నియోప్రీన్ చిరుగుతుంది. వేళ్ల మెత్తని భాగంతో కొంచెం కొంచెంగా పైకి జరుపుకోండి. జిప్పు వేశాక రెండు చేతులూ పైకెత్తండి. చంకల్లో, నడుము వెనక పల్లంలో ఖాళీ ఉంటే చిన్న సైజు అడగండి, ఆ సందుల్లోంచే నీరు దూరుతుంది. ఒడ్డున కాస్త బిగుతుగా ఉండటం మామూలే. ఊపిరి పూర్తిగా పీల్చలేకపోతే మాత్రం అది మీ సైజు కాదు.

ప్రశ్న: పలచటి లైక్రా సూట్‌తో దిగినప్పుడు మునగడానికి తక్కువ బరువులు సరిపోయాయి. 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ కొన్నాక ఎక్కువ కావాల్సి వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లైక్రాలో గాలి బుడగలు ఉండవు, నియోప్రీన్‌లో ఉంటాయి. అవి మిమ్మల్ని పైకి తేలుస్తాయి. పైగా 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపవుతుంది కనుక బుడగలు నలిగి సూట్ పలచబడుతుంది. తేల్చే శక్తీ, వెచ్చదనమూ రెండూ తగ్గుతాయి. సూట్ మార్చిన ప్రతిసారీ బరువులు కొత్తగా సరిచూసుకోండి. సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక, బీసీడీలో (తేలడాన్ని అదుపు చేసే గాలి జాకెట్‌లో) గాలి తీసేసి, మామూలు ఊపిరి బిగబట్టి నిలువుగా ఉంటే నీరు కళ్ల మట్టానికి రావాలి.

ప్రశ్న: సన్‌స్క్రీన్ పగడాలకు హాని చేస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ పగడాలకు చెరుపు చేస్తాయన్న ఆందోళనతో, అవి కలిసిన సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించింది. ఒళ్లు బట్టతో కప్పుకుంటే ముఖానికి, మెడకు, చేతులకు కాస్త రాస్తే చాలు. డబ్బా మీద ఈ రెండు పేర్లూ లేనిది కొనండి.

ప్రశ్న: మా పన్నెండేళ్ల అమ్మాయిని కూడా దించుతాం. ఆమెకు ఏం వేయాలి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: పిల్లలు పెద్దల కంటే త్వరగా చల్లబడతారు. పెద్దల సూట్‌ను మడిచి సర్దకండి, పిల్లల సైజు ఫుల్‌సూట్ దొరికే చోటే దించండి. చలి వేస్తే చూపాల్సిన చేతి సైగను ఒడ్డునే నేర్పించండి. పైకి రాగానే తుడిచి, గాలి చొరబడని జాకెట్ వేయండి. పెదవులు నీలంగా మారితే, ఇంకొక్కసారి అని ఎంత బతిమాలినా ఆ రోజుకు మళ్లీ దించకండి.