అడిగాకే అడుగు

టెక్సస్‌లో డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న మన కుర్రాళ్లు ఈమధ్య జింకల వేటకు వెళ్తున్నారు. అమ్మాయిలూ వస్తున్నారు, సంతోషం. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట దాదాపు పూర్తిగా ఆగిపోయింది. అందుకే ఇది మనకు ఇంట్లో పెద్దవాళ్లు నేర్పిన పని కాదు, ఇక్కడికొచ్చాక నేర్చుకుంటున్నది. తుపాకీ పట్టడం, గురి చూడడం క్లాసుల్లో నేర్పుతారు. భూమి గల ఆసామితో ఎలా మసలుకోవాలన్నది మాత్రం ఏళ్ల తరబడి తిరిగితే గాని ఒంటబట్టదు. లానో, మేసన్ కౌంటీల రాంచుల్లో తిరిగి నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

1. జింక అందరిదీ, నేల ఒకరిది

టెక్సస్‌లో 90 శాతానికి పైగా భూమి సొంతదారుల చేతిలోనే ఉంది. అడవి జంతువులు మాత్రం చట్టప్రకారం ఈ రాష్ట్ర ప్రజలందరివీ. లైసెన్సు కొనుక్కున్నాను, చంపిన జింకకు కట్టే ట్యాగ్ నా పేరునే ఉంది, ఇంకెవరినో అడగడమేమిటని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. ఆ నేల మీద కాలు పెట్టనిచ్చేది ఆసామి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. సొంతదారు ఒప్పుకోకుండా తెల్లతోక జింకను చంపితే ఇక్కడ అది జరిమానా కట్టి బయటపడే తప్పు కాదు, జైలుకు పంపే ఫెలనీ. వీసా మీద ఉన్నవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

2. అడగడానికి నవంబరు దాకా ఆగకండి

రైఫిల్ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఆ ముందు వారం వెళ్లి గేటు దగ్గర నిలబడితే ఎవరికీ నచ్చదు. ఎండాకాలంలో వెళ్లండి. ఒక్కరే వెళ్లండి, లేదా ఇల్లాలినో పిల్లలనో వెంటబెట్టుకు వెళ్లండి. మచ్చల మచ్చల వేట బట్టలు వద్దు, కారులో తుపాకీ వద్దు. ఆదివారం ఉదయం వాళ్లు చర్చికి వెళ్లే వేళ, ఆ పొద్దు తలుపు తట్టకండి. మీ పేరేమిటో, ఎక్కడ పని చేస్తారో, ఏ జంతువు కోసం వస్తారో, ఏయే రోజులు వస్తారో చెప్పండి. 'సర్', 'మేడమ్' అనే పిలుపులు ఆ ఊళ్లలో ఇంకా చెల్లుతున్నాయి.

వద్దంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి. ఎందుకు వద్దని అడగకూడదు. ఆయన భూమికి ఆయన కారణం చెప్పనక్కర్లేదు. మర్యాదగా వెనక్కి వెళ్లినవాడిని మరుసటి ఏడు వాళ్లే పిలవడం నేను చూశాను.

3. కాగితం రాయించుకోండి

ఎన్ని ఎకరాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని జింకలు, ఆడవా మగవా, డబ్బు ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, అన్నీ రాసుకోవాలి. చాలా రాంచుల్లో రాష్ట్ర నిబంధనలకు మించిన సొంత కట్టుబాట్లుంటాయి. లేత కొమ్ముల మగ జింకను వదిలేయమంటారు. ట్యాగ్ ఉంది కదా అని కాల్చకండి. ఆ జింకను ఎదగనిస్తున్నది ఆసామి.

లీజు డబ్బు దగ్గర బేరాలాడేవాళ్లకు ఒక మాట. 2011 కరువులో గడ్డి లేక, నీళ్లు లేక మందలకు మందలే అమ్ముకున్నారు ఇక్కడి పశువుల ఆసాములు. అలాంటి ఏడాది కూడా భూమి పన్ను కట్టక తప్పదు. వేట లీజు మీద వచ్చే సొమ్ము వాళ్లకు సరదా ఖర్చుల డబ్బు కాదు.

4. పిలుపు మీకే, మీ స్నేహితులకు కాదు

మనవాళ్లలో ఒకరిని పిలిస్తే నలుగురు వస్తారు. పెళ్లికైతే అది ముచ్చటే. రాంచ్‌కి అలా వెళ్లకూడదు. ఆసామి నమ్మింది మిమ్మల్ని. మీ వెనక సీట్లో కూర్చున్న ముగ్గురి చేతుల్లో తుపాకులుంటే వాళ్లకు ఎంత తెలుసో ఆయనకెలా తెలుస్తుంది? ఇంకొకరిని తీసుకురావాలంటే వారం ముందు ఫోన్ చేసి అడగండి. గేటు కోడ్ ఎవరికీ చెప్పకండి. ఫోటోలు పెట్టేటప్పుడు రాంచ్ పేరు, గేటు బోర్డు, లొకేషన్ కనపడనివ్వకండి. దొంగవేటగాళ్లకు దారి చూపేవి ఆ ఫోటోలే.

5. గేటు ఎలా ఉంటే అలాగే

తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే మూసేయండి. మంచి చేస్తున్నామనుకుని తెరిచి ఉన్న గేటు మూస్తే అటువైపు మంద నీళ్లకు రాలేదు. మూసి ఉన్నది తెరిచి వదిలేస్తే ఎద్దులు పక్క పొలంలోకో, హైవే మీదికో వెళ్తాయి. మా నాన్న మినప చేలో ఒక రాత్రి ఎవరో గేదెల్ని వదిలేశారు. తెల్లారి ఆయన గట్టు మీద కూర్చున్న తీరు గుర్తుంది కాబట్టి నేను గేటు దగ్గర కారు దిగి గొళ్లెం లాగి చూసుకోకుండా ముందుకు కదలను.

తడి నేల మీద బండి నడపకండి. చక్రాల గాడి పడిందంటే ఆ దారి ఏళ్ల తరబడి కోసుకుపోతుంది. కౌంటీలో మంట పెట్టొద్దన్న ఆంక్షలు ఉన్నాయేమో బయల్దేరే ముందే చూసుకోండి. ఎండుగడ్డి కాలంలో సిగరెట్ కూడా కారులోనే ఆర్పాలి.

6. చెట్టు మీద కత్తి పెట్టే ముందు

మంచె కట్టుకుంటాం. ఇక్కడ దాన్ని బ్లైండ్ అంటారు. చూపుకు అడ్డమని రెండు కొమ్మలు కొట్టేస్తాం. అదే ఓక్ చెట్టు అయితే ఆగండి. లానో, మేసన్ ఉన్న ఈ హిల్ కంట్రీలో ఓక్ విల్ట్ అనే శిలీంధ్రపు తెగులు ఉంది. కోసిన గాయం మీద వాలే చిన్న పురుగులు దాన్ని మోసుకొస్తాయి. ఒక చెట్టుకు సోకితే కలిసిపోయిన వేళ్ల గుండా పక్క చెట్లకు పాకి తోపునే ఎండగడుతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మ నరకొద్దని ఇక్కడి అటవీ శాఖ చెబుతుంది. ఏ నెలలో కోసినా గాయానికి వెంటనే పెయింటు పూయాలి. ఆ ఓక్‌లు ఆసామి మనవలు పుట్టక ముందు నుంచీ ఆ ఇంటివాళ్లకు నీడనిస్తున్నవి. మనం గురి చూసుకోవడానికి వాటిని బలిపెట్టే హక్కు మనకెక్కడిది?

7. కంచె అవతలికి గుండు పోకూడదు

ఊదా రంగు గీతలు గుర్తుపట్టండి. చెట్టు మీదో స్తంభం మీదో నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పుతో, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటాయి. బోర్డు లేకపోయినా అవి 'లోపలికి రావద్దు' అన్నట్టే. వేటలో మీ తూటా సరిహద్దు దాటి పక్క భూమిలోకి పోవడమే ఒక నేరం, ఎవరికీ తగలకపోయినా సరే.

అసలు పరీక్ష ఇది: గాయపడ్డ జింక కంచె దూకి పక్కవాళ్ల భూమిలో పడుతుంది. ముప్పై అడుగుల దూరంలో కళ్లెదుటే కనపడుతుంది. పొద్దు గుంకుతోంది. ఎవరూ చూడడం లేదు. అప్పుడు కూడా కంచె దాటకూడదు. తుపాకీ దించి, మీ ఆసామికి ఫోన్ చేయండి. పక్కాయన నంబరు ఆయన దగ్గర ఉంటుంది. పక్కాయన దొరక్కపోతే వేట చట్టాలు చూసే గేమ్ వార్డెన్‌కు చేసి సహాయం అడగండి. పక్కాయన వద్దంటే ఆ జింక పోయినట్టే. బాధగానే ఉంటుంది, గాయపరిచిన జంతువును వదిలేయడం వేటగాడికి అన్నిటికన్నా పెద్ద బాధ. ఆ బాధ రాకుండా చూసుకునే చోటు ట్రిగ్గర్ దగ్గరే ఉంది: కంచెకు దగ్గరగా ఉన్న జింకను కాల్చకండి. సీజనుకు ముందే పక్కవాళ్లను పరిచయం చేయమని మీ ఆసామిని అడగండి. అంత చిన్న పని కూడా చాలామంది చేయరు.

8. పేగులు ఎక్కడ వేయాలో అడగండి

పశువులు తాగే చెరువు దగ్గర వద్దు, ఇంటికి గాలి వచ్చే వైపు వద్దు. 2012లో ఈ రాష్ట్రపు జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడింది కాబట్టి ఎముకలు, తల ఎక్కడ పడితే అక్కడ పారేయడం ఇప్పుడు మర్యాదకు మించిన సంగతి. ఖాళీ తూటా గొట్టాలు, నీళ్ల సీసాలు మీవే కాదు, మీకు ముందు వచ్చినవాళ్లవీ ఏరుకొచ్చేయండి.

9. సీజను అయ్యాక

మాంసంలో మొదటి వాటా తీసుకుంటారేమో ఆసామిని అడగండి. నేను వెళ్లే రాంచ్‌లో ఇంటావిడకు మన జింక వేపుడు నచ్చింది, కారం మాత్రం సగానికి తగ్గించమంటుంది. ఫిబ్రవరిలో వెళ్లి ఒక రోజు కంచె బాగు చేయడంలో, సీడర్ పొదలు కొట్టడంలో ఓ చేయి వేయండి. తుపాకీ లేకుండా వచ్చిన ఆ రోజును వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ఆసామి చనిపోయినా, భూమి చేతులు మారినా పాత మాట చెల్లదు. పిల్లలు మిమ్మల్ని ఎరిగి ఉండవచ్చు, చిన్నప్పుడు మీ చంక ఎక్కి ఉండవచ్చు. అయినా కొత్తగా వెళ్లి, కొత్తవాళ్లలాగే అడగండి. కర్మకాండలన్నీ ముగిసి, ఆ ఇల్లు కాస్త కుదుటపడ్డాక.