ఆగి ఉన్న బండి ఎందుకు అరుస్తోంది?

సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు ఇంజన్ చప్పుడు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీద ఉండదు. గేరు న్యూట్రల్‌లో ఉంటుంది. అయినా ఇంజన్ ఆగిపోకుండా మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. దీన్నే ఐడిలింగ్ అంటారు. కొన్ని పాత బండ్లలో ఐడిలింగ్ కుదురుగా ఉండదు. ఎవరూ తొక్కకుండానే ఇంజన్ పెద్దగా అరుస్తుంది, కాసేపటికి తగ్గుతుంది, మళ్ళీ అరుస్తుంది. "రేస్ దానంతటదే పెరిగి తగ్గుతోంది" అని డ్రైవర్లు చెప్పేది దీని గురించే.

ఈ జబ్బుకి కారణం ఎలా కనిపెట్టాలో ఈ పాఠంలో చూద్దాం. ఇది మెకానిక్ పని, మనకెందుకు అనుకోకండి. మన ఇళ్ళలో అమ్మకో నాన్నకో కొన్నేళ్ళకోసారి బదిలీ అవుతుంది. సామానుతో పాటు బండి కూడా కొత్త ఊరికి వస్తుంది. పాత ఊరి మెకానిక్ మాత్రం రాడు. కొత్త మెకానిక్‌కి ఆ బండి చరిత్ర తెలియదు. అప్పుడు ఊహించి ఒక్కో పార్టు మార్చడం మొదలవుతుంది. డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది.

ఉదాహరణకు ఒక బండి

1980ల మధ్య నుంచి 1995 దాకా అమెరికాలో అమ్ముడైన టయోటా పికప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. వాటిలో చాలా బండ్లకు 22ఆర్-ఇ అనే పెట్రోల్ ఇంజన్ ఉండేది. నాలుగు సిలిండర్లు, 2366 సి.సి. కార్బురేటర్ ఉండదు, పెట్రోల్‌ను ఇంజెక్టర్లు చిమ్ముతాయి. చేత్తో గేరు మార్చే బండి అయితే వేడెక్కిన తర్వాత ఐడిలింగ్ నిమిషానికి సుమారు 750 చుట్లు ఉండాలి. నేటి బండ్లలో ఐడిలింగ్‌ను కంప్యూటరే చూసుకుంటుంది. ఈ పాత ఇంజన్లో ఆ పని ఎక్కువగా స్క్రూలు, మైనం, రబ్బరు పైపులు చేస్తాయి. అందుకే నేర్చుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

అసలు సూత్రం

పెట్రోల్ ఇంజన్ వేగాన్ని నడిపించేది గాలి. 1 కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి ఎంత లోపలికి వెళితే దానికి తగినంత పెట్రోల్‌ను కంప్యూటర్ ఇస్తుంది. గాలి దారిలో థ్రాటిల్ అనే పలక తలుపులా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది.

ఐడిలింగ్‌లో ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. లోపల పిస్టన్లు గాలిని లాగుతూ ఉంటాయి. అందువల్ల థ్రాటిల్ వెనక ఉన్న గొట్టాల్లో పీడనం బయటి వాతావరణ పీడనంలో సగం కంటే తక్కువకు పడిపోతుంది. అప్పుడు ఏ చిన్న సందు దొరికినా బయటి గాలి అందులోంచి దూరుతుంది. కాబట్టి ఐడిలింగ్ పెరిగితే మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ అదనపు గాలి ఏ దారిలో వస్తోంది?

గాలికి నాలుగు దారులు

1. థ్రాటిల్ పలక పూర్తిగా మూసుకోకపోవడం. కేబుల్ బిగుసుకుపోయినా, పలక చుట్టూ మసి పేరుకున్నా ఇలా జరుగుతుంది.

2. ఐడిల్ స్క్రూ. థ్రాటిల్ పక్కన ఉన్న సన్నని దారిని ఇది పెద్దది చేస్తుంది లేదా చిన్నది చేస్తుంది. దీన్ని ఇంతకుముందు ఎవరో తిప్పి ఉండవచ్చు.

3. లీకు. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు పైపులు ఎండి పగులుతాయి. గాస్కెట్లు అణిగిపోతాయి. బ్రేక్ బూస్టర్‌కు వెళ్ళే లావుపాటి పైపును మరిచిపోకూడదు.

4. చలి వాల్వు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నిలకడగా తిరగడానికి కొంచెం ఎక్కువ గాలి కావాలి. థ్రాటిల్ కింద ఉన్న ఈ వాల్వు అప్పుడు తెరిచి ఉంటుంది. దానిలో మైనం ఉంటుంది. ఇంజన్ కూలెంట్ ఒక చిన్న పైపు ద్వారా ఆ మైనం పక్కగా ప్రవహిస్తుంది. కూలెంట్ వేడెక్కితే మైనం కరిగి వ్యాకోచిస్తుంది, వాల్వును మూసేస్తుంది. సైన్సు పుస్తకంలో మనం చదివే ఉష్ణ వ్యాకోచమే ఇక్కడ పని చేస్తోంది.

పెరిగి తగ్గడం ఎందుకు?

గాలి ఎక్కువైతే వేగం పెరగాలి. మరి మళ్ళీ ఎందుకు తగ్గుతుంది? ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రైవరు యాక్సిలరేటర్ వదిలేస్తాడు, ఇంజన్ మాత్రం వేగంగా తిరుగుతూ ఉంటుంది. అప్పుడు పెట్రోల్ వృథా కాకుండా కంప్యూటర్ దాన్ని ఆపేస్తుంది. వేగం బాగా తగ్గగానే మళ్ళీ ఇస్తుంది.

ఆగి ఉన్న బండిలో అదనపు గాలి వల్ల వేగం ఆ హద్దు దాటితే కంప్యూటర్ పొరపడుతుంది. బండి వాలు దిగుతోందనుకుని పెట్రోల్ ఆపుతుంది. వేగం పడిపోతుంది, మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ పెరుగుతుంది. ఊయలలా సాగే ఈ ఆట చూసి చాలామంది కంప్యూటర్ చెడిపోయిందనుకుంటారు. నిజానికి కంప్యూటర్ తనకు నేర్పిన పనే చేస్తోంది.

పరీక్షల క్రమం

ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చయ్యేది చివర. ఇదే నియమం.

మొదట టైము చూడాలి. పొద్దున్నే చల్లటి ఇంజన్ వేగంగా తిరగడం జబ్బు కాదు. పది పదిహేను నిమిషాలు నడిచి వేడెక్కిన తర్వాత కూడా తగ్గకపోతేనే జబ్బు.

రెండవది, ఇంజన్ ఆపి యాక్సిలరేటర్ కేబుల్‌ను వేలితో కదిపి చూడాలి. కొంచెం వదులు ఉండాలి.

మూడవది, కూలెంట్ మట్టం చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి.

నాలుగవది, వేడెక్కిన ఇంజన్‌ను ఆపి, థ్రాటిల్‌కు వెళ్ళే కూలెంట్ పైపులను జాగ్రత్తగా తాకాలి. రెండూ వేడిగా ఉండాలి. చల్లగా ఉంటే మైనానికి వేడి అందడం లేదని అర్థం.

ఐదవది, లీకు వెతకాలి. మెకానిక్ సన్నని రబ్బరు పైపులను ఒక్కొక్కటిగా నొక్కి చూస్తాడు. దేన్ని నొక్కితే వేగం మారుతుందో ఆ దారిని అనుమానించాలి. ఐడిలింగ్ ఎక్కువగా ఉండడమే కాక ఇంజన్ వణుకుతుంటే లీకు మీదే ముందు అనుమానం.

ఆరవది, ఉష్ణోగ్రత సెన్సార్. మల్టీమీటర్‌తో కొలిస్తే 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 0.2 నుంచి 0.4 కిలో ఓమ్‌లు రావాలి. వేడి పెరిగితే నిరోధం తగ్గుతుందన్నమాట. ఇవన్నీ అయ్యాకే కొత్త పార్టుల మాట.

ఒక సందర్భం

ఇలా అనుకుందాం. ఒక కుటుంబం మైదానం నుంచి కొండ ఊరికి మారింది. వాళ్ళ పాత పికప్ అక్కడికి చేరగానే 1500 దగ్గర అరవడం మొదలుపెట్టింది. ఒక మెకానిక్ ఐడిల్ స్క్రూ పూర్తిగా బిగించాడు. చప్పుడు కాస్త తగ్గింది, కానీ మర్నాడు పొద్దున బండి స్టార్టయి ఆగిపోయింది. ఇంకొకరు సెన్సార్ మార్చమన్నారు.

మూడవ మనిషి ఏదీ మార్చలేదు. థ్రాటిల్‌కు వెళ్ళే పైపు తాకాడు. రేడియేటర్ పైపు కాలిపోతోంది, ఇది మాత్రం గోరువెచ్చగా ఉంది. ఇంజన్ చల్లారాక మూత తీస్తే కూలెంట్ కనిపించలేదు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం గీత దాకా ఉంది! డబ్బా చూసి అందరూ మోసపోయారు. ఒక పైపు క్లిప్పు దగ్గర తెల్లగా ఎండిన మరక ఉంది. కూలెంట్ బొట్టు బొట్టుగా కారిపోయింది, ఎత్తుగా ఉన్న థ్రాటిల్ పైపులో గాలి చేరింది, మైనానికి వేడి అందలేదు, వాల్వు మూసుకోలేదు.

క్లిప్పు మార్చి, కూలెంట్ నింపి, లోపలి గాలి బయటికి పంపి, స్క్రూను మళ్ళీ 750కి సరిచేశారు. ఇంజన్ కుదుటపడింది.

ఇక్కడ ఆలోచించవలసింది ఒకటుంది. స్క్రూతోనే చప్పుడు పూర్తిగా తగ్గిపోయి ఉంటే? కూలెంట్ తగ్గుతున్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఏదో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కిపోయేది, సిలిండర్ హెడ్డు వంగిపోయేది, ఇంటిల్లిపాదీ దారి మధ్యలో నిలబడేవారు. ఆ అరుపు నిజానికి ఒక హెచ్చరిక. హెచ్చరిక నోరు నొక్కడం వైద్యం కాదు.

జాగ్రత్తలు

ఈ పరీక్షలు పెద్దల సమక్షంలోనే చేయాలి. వేడి రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకూడదు, లోపలి పీడనం వల్ల మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. తిరిగే ఫ్యాన్ దగ్గరికి చున్నీ, టై, చేయి పోనివ్వకూడదు.

మనం చేయగలిగిన పని

బదిలీ అయినప్పుడు మన టి.సి. మనతో వస్తుంది. కొత్త టీచర్ అది చూసి మనం ఎక్కడిదాకా చదివామో తెలుసుకుంటారు. బండికి కూడా అలాంటి కాగితం కావాలి. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. కూలెంట్ ఎప్పుడు పోశారు, ఏ పైపు మార్చారు, ఏ స్క్రూ తిప్పారు, జబ్బు వేడి మీద వచ్చిందా చల్లగా ఉన్నప్పుడా అన్నది తేదీతో రాయండి. కొత్త ఊరి మెకానిక్‌కి ఆ పుస్తకం చూపితే సగం పరీక్షలు అక్కడే అయిపోతాయి.

ఆలోచించి జవాబు రాయండి

1. చలి ఉదయం ఐడిలింగ్ ఎక్కువగా ఉండి, పావుగంటలో తగ్గితే అది జబ్బా? ఎందుకు?

2. ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ ఉన్నా రేడియేటర్‌లో లేకపోవచ్చు. దీన్నిబట్టి మట్టం ఎక్కడ చూడాలి, ఎప్పుడు చూడాలి?

3. జబ్బు ఒకచోట ఉండి లక్షణం ఇంకొకచోట కనిపించిన మరో ఉదాహరణను మీ ఇంట్లోని వస్తువుల నుంచి చెప్పండి.