విజిట్ వీసా మీద పనికి పంపొద్దు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. మా ఆయన సెంట్రింగ్ పని చేస్తారు. ఏడో తరగతి చదివారు. దుబాయ్‌లో బిల్డింగ్ పని ఉందని, ముందు విజిట్ వీసా మీద పోతే అక్కడ కంపెనీ వీసాకు మార్పిస్తానని మా ఊరి ఏజెంటు అంటున్నాడు. లక్షా ఇరవై వేలు అడిగాడు. మూడు రూపాయల మిత్తికి తెద్దామంటున్నారు ఈయన. పంపమంటారా? – ఒక సోదరి

జవాబు: వద్దమ్మా. దుబాయ్ పోవద్దని కాదు, ఈ దారిన పోవద్దు. పదో తరగతి పాసు కాని వాళ్లది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన) పాస్‌పోర్టు. అలాంటి వాళ్లు యూఏఈకి పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాన్ని తప్పించుకోవడానికే ఈ విజిట్ వీసా.

క్లియరెన్స్‌తో పోతే జీతమెంత, పనేమిటి అన్న ఒప్పందం కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది. ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు కట్టేది 275 రూపాయలే. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు వస్తాయి. పరంజా మీద నిలబడి చేసే పనికి ఇది చిన్న అండ కాదు. విజిట్ వీసా మీద పోయిన మనిషికి ఇవేవీ ఉండవు. అక్కడ ఆ వీసాతో పని చేయడమే నేరం. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేడు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఖల్లివెల్లి అయి, అంటే కాగితాలు లేకుండా దాక్కుని బతికిన వాళ్ల గోస మీ వైపు ఊళ్లలో తెలియనిది కాదు.

ఇక అప్పు. మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 3,600. ఆయనకు జీతం వచ్చినా రాకపోయినా అది మీ గడప తొక్కుతుంది. లైసెన్సు ఉన్న ఏజెన్సీ అయినా 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి ఫీజు తీసుకోకూడదు. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లకైతే చట్టంలో చోటే లేదు.

ఆయన్ను తొందరపడొద్దని చెప్పండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించండి. ఏజెన్సీ లైసెన్సు నిజమో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లోనే తెలుస్తుంది. రేపు సరైన దారిన పోయినా పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు మీ దగ్గర ఉంచుకోండి. లైసెన్సు నంబరు చెప్పలేని మనిషి చేతిలో మాత్రం అడ్వాన్సుగా ఒక్క రూపాయి కూడా పెట్టకండి.