తెగిన న్యూట్రల్ చెప్పిన పాఠం

బతుకమ్మ పండుగకు వేయిస్తంభాల గుడి దగ్గర కట్టే సీరియల్ సెట్లు చూడనివారు మనలో ఉండరు. పాత సెట్టులో 6 వోల్టుల చిన్న బల్బులు ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉండేవి. అట్లాంటివి 40 కలిస్తే 240 వోల్టులు. ఇది శ్రేణి సంధానము. అన్నింటిలోను ఒకే కరంటు పారుతుంది. వోల్టేజిని మాత్రం పంచుకుంటాయి. ఒకటి మాడితే దండంతా ఆరిపోతుంది.

ఇంటి వైరింగు అట్లా కాదు. ప్రతి బల్బుకు ఫేజు, న్యూట్రల్ విడిగా అందుతాయి. ఇది సమాంతర సంధానము. ప్రతిదానికి 230 వోల్టులు పూర్తిగా దొరుకుతాయి. ఒకటి ఆర్పినా మిగతావి వెలుగుతాయి.

ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. కాని సమాంతరంగా ఉన్న దీపాలు మనకు తెలియకుండానే శ్రేణిగా మారితే? నా చిన్నప్పుడు నర్సంపేట దగ్గర మా ఊరిలో అదే జరిగింది. పొలాల దగ్గర రెండే ఇండ్లు. మాది ఒక ఫేజు, పక్కింటి కాక వాళ్లది ఇంకొక ఫేజు. న్యూట్రల్ ఇద్దరికీ ఒక్కటే. ఒక గాలివాన రాత్రి మా 100 వాట్ల బల్బు ఎర్రబారింది. కాక వాళ్ల 40 వాట్ల బల్బు తెల్లగా మండి పగిలింది. మరుక్షణం మా ఇంట్లోనూ చీకటి!

కారణం డిగ్రీకి వచ్చాక తెలిసింది. న్యూట్రల్ మా ఇండ్లకు చేరకముందే తెగింది. దాంతో రెండు బల్బులు రెండు ఫేజుల నడుమ శ్రేణిగా నిలిచాయి. అక్కడ ఉండేది 400 వోల్టులు. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధము వస్తుంది: 100 వాట్ల బల్బుకు 529 ఓములు, 40 వాట్లదానికి సుమారు 1322. శ్రేణిలో నిరోధము ఎక్కువున్నదే ఎక్కువ వోల్టేజి తీసుకుంటుంది. లెక్క ప్రకారం చిన్నదానికి 286, పెద్దదానికి 114 వోల్టులు. చిన్నది పగలగానే దారి తెగింది; మాదీ ఆరింది.

తెల్లవారి వేలాడుతున్న తీగను చూసి, "న్యూట్రలే గదా" అని బాపు చేయి చాపిండు. కాక కేకేసి ఆపిండు. మా స్విచ్చి ఇంకా వేసే ఉంది. ఆ బల్బు గుండా మా ఫేజు ఆ తీగలోకి వచ్చి కూర్చున్నది. పట్టుకుంటే బాపే రెండవ బల్బు అయ్యేవాడు.

మిత్రులారా, ఎల్.ఇ.డి.లు వచ్చినా ఈ ప్రమాదం పోలేదు. కొన్ని ఇండ్లలో దీపాలు మితిమీరి వెలిగి, కొన్నింట్లో మసకబారితే వెంటనే మెయిన్ ఆర్పండి, లైన్‌మన్‌ను పిలవండి. న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు పెట్టకండి. తెగిన తీగ ఏదైనా సరే, ముట్టకండి.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం